మూడు స్టార్ల సారు పనేంది?

పోలీసు జీపు వీధిలో ఎక్కువసార్లు తిరిగితే దొంగతనాలు తగ్గుతాయా?

"అదేం ప్రశ్న తాతా, తగ్గకుండా ఎట్లుంటాయి?" అంటుంది మా మనవరాలు. ఎస్సై పరీక్షకు చదువుతా ఉండే పిల్ల, ఆ మాత్రం నమ్మకం ఉండాల్సిందే. తిరుపతిలో ఎవరినడిగినా అదే చెప్తారు. కొర్లగుంటలోనో జీవకోనలోనో ఒక ఇంటి తాళం పగిలిందనుకోండి, తెల్లారేసరికి వీధి వీధంతా ఒకటే మాట: "సార్, రాత్రి బీటు పెంచండి."

అమెరికాలో కాన్సాస్ సిటీ వాళ్ళు దీని మీద వాదించుకుని ఊరుకోలేదు, ప్రయోగం పెట్టి చూసినారు. 1972 అక్టోబరులో మొదలుపెట్టి ఒక ఏడాది నడిపినారు. ఊళ్ళో 15 బీట్లు తీసుకుని మూడు వాటాలు వేసినారు. ఐదింటిలో పోలీసు బండి ఎప్పటి మాదిరే తిరుగుతుంది. ఐదింటిలో దానికి రెండింతలు, మూడింతలు. మిగిలిన ఐదింటిలో గస్తీ బండే లేదు, ఎవరైనా ఫోను చేస్తేనే వస్తుంది. ఏడాది గడిచినాక లెక్క తీస్తే మూడు వాటాల్లోనూ దొంగతనాలూ దోపిడీలూ దాదాపు ఒక్కటే! ఇంకా తమాషా ఏమంటే, తమ వీధిలో బండ్లు పెరిగినాయో పూర్తిగా మానేసినాయో అక్కడి జనం గుర్తుపట్టనే లేదు.

ఆ ప్రయోగం నడిపినవాళ్ళలో జార్జ్ కెల్లింగ్ అనే ఆయన ఒకడు. పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు. కొన్నేళ్ళకు నెవార్క్ అనే ఇంకో ఊళ్ళో, బండి దిగి కాళ్ళ మీద నడిచే పోలీసుల గురించి పరిశోధన జరిగితే అందులోనూ ఆయన ఉన్నాడు. 1981లో ఆ ఫలితాలు అచ్చయినాయి. పోలీసు నడిచిన పేటల్లో కూడా నేరాలు తగ్గలేదు. కానీ జనానికి భయం తగ్గింది, పోలీసుల మీద అభిప్రాయం మెరుగుపడింది. నడిచే పోలీసుకు తన పని మీద ఇష్టం కూడా పెరిగింది.

భయం తగ్గితే చాలా, నేరం తగ్గొద్దా అని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. నడిచే కానిస్టేబులుకు బండిలో పోయేవాడికి తెలియని సంగతులు వంద తెలుస్తాయి. ఏ సందులో దీపం వెలగడం లేదు, ఏ ఇంట్లో మొగుడు తాగొచ్చి కొడతా ఉన్నాడు, ఏ మూల కొత్త మొహాలు చేరతా ఉన్నాయి. అన్నీ తెలుస్తాయి, సరే. తెలిసి ఏం చేస్తాడు? దీపం పెట్టించే అధికారం అతనికి లేదు. నగరపాలక ఇంజినీరు అతని మాట లెక్కచెయ్యడు. రేపు అదే సందులో ఉంటాడన్న భరోసా కూడా లేదు. రేణిగుంట విమానాశ్రయంలో ఎవరో పెద్దాయన దిగుతున్నాడు, బందోబస్తుకు పో అంటే పోవాల్సిందే. పో అనేది ఎవరు? ఎస్సై, సీఐ, డీఎస్పీ. ఈ కబుర్లన్నీ వాళ్ళ గురించే.

పోలీసు శాఖలో మన కంటికి రెండు చివరలే ఆనతాయి. కింద ఎండలో నిలబడే కానిస్టేబులు, పైన పేపర్లో ఫొటో పడే ఎస్పీ దొర. నడుమ ఉండేవాళ్ళను ఎవరూ పెద్దగా చూడరు. భుజం మీద రెండు స్టార్లూ, ఎరుపు నీలం పట్టీ ఉంటే ఎస్సై. అదే పట్టీతో మూడు స్టార్లుంటే ఇన్‌స్పెక్టరు, మన నోటికి సీఐ. పట్టీ లేకుండా మూడు స్టార్లుంటే డీఎస్పీ. పల్లె పట్టుల్లో ఒక సీఐ కింద రెండు మూడు స్టేషన్లు, ఒక్కో దానికి ఒక ఎస్సై. తిరుపతి లాంటి టౌన్లో అయితే సీఐ గారే స్టేషనుకు పెద్ద.

ఈ మెట్లు శానా పాతవి. దేశంలో పోలీసు అనగానే అందరూ 1861 చట్టం అంటారు గానీ, మనం అప్పుడు మద్రాసు రాజధానిలో ఉత్తర ఆర్కాటు వాళ్ళం. మనకు రెండేళ్ళ ముందే, 1859లోనే, మద్రాసు వాళ్ళ జిల్లా పోలీసు చట్టం వచ్చింది. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. జిల్లా కంటే దాని పోలీసు మెట్లకు వయసెక్కువ అన్నమాట! ఆ మెట్లు కట్టిన దొరలకు కావాల్సింది ఒక్కటే: పైన పలికిన హుకుం కింది దాకా దిగాలి, కింద జరిగింది కాగితం మీద పైకి ఎక్కాలి. నడిమి మనిషి హుకుం మోసేవాడు, కాగితం తనిఖీ చేసేవాడు.

ఇప్పుడు కాగితం పోయి కంప్యూటరు వచ్చింది, సీఐ గారి దినం మాత్రం పెద్దగా మారలేదు. పొద్దున్నే సెట్ కాన్ఫరెన్స్: వైర్‌లెస్ సెట్లో పై అధికారి ఒక్కొక్క స్టేషన్నూ పిలిచి అడుగుతాడు. నెలకొకసారి క్రైమ్ మీటింగ్. ఎన్ని కేసులు కట్టినావు, ఎన్ని పెండింగు, రికవరీ ఎంత, బైండోవర్లు ఎన్ని, డ్రంకెన్ డ్రైవ్ ఎన్ని? జవాబు నచ్చకపోతే ఛార్జ్ మెమో. ఇంకా కోపమొస్తే "వీఆర్‌కు పంపినారు" అనే మాట వింటాం చూడండి, అది. పోస్టింగు లేకుండా కూర్చోబెట్టడం. ఇట్లా బతికే మనిషిని పైవాళ్ళు ఏమడుగుతారో, అతను తన కిందివాళ్ళనూ అదే అడుగుతాడు. బీటు కానిస్టేబులు సందులో దీపం గురించి చెప్పబోతే, "అది సరేరా, నిన్న చలాన్లు ఎన్ని రాసినావు?" అంటాడు. చెడ్డవాడై అనడం లేదు. రేపు సెట్లో తను చెప్పుకోవాల్సింది చలాన్ల లెక్క గనుక.

మన సీమ చెరువుల కింద నీరుగంటి అని ఒకడుండేవాడు. చెరువు ఎంత నిండినా, తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో తేల్చేది అతనే. గట్టు మీద ఎంత పెద్దాయన నిలబడి ఎన్ని మాటలు చెప్పినా, ఆయకట్టు చివరి మడి తడవాలంటే నీరుగంటి కదలాల్సిందే. ప్రజలతో కలిసి పోలీసు పని చెయ్యాలని డీజీపీ ఎన్ని సభల్లో చెప్పినా, అది సందు దాకా పారేదీ నడుమనే ఆగేదీ సీఐ, డీఎస్పీల దగ్గరే.

1970 తర్వాత అమెరికాలో కొన్ని ఊళ్ళు "టీమ్ పోలీసింగ్" అని మొదలుపెట్టినాయి. ఒక పేటకు ఒక జట్టు, ఆ పేట మంచి చెడ్డ ఆ జట్టే చూసుకోవాలి. వినడానికి బాగుంది. కొన్నేళ్ళకే చతికిలపడింది. ఏడు ఊళ్ళను చూసి 1973లో పరిశోధకులు ఒక నివేదిక రాసినారు. నడిమి అధికారులకు ఇది మింగుడు పడలేదని తేలింది. నిర్ణయాలు జట్టు తీసుకుంటే మరి మాకేం పని అని వాళ్ళ గుబులు. పైకి సరేనన్నారు, లోపల మోకాలడ్డినారు.

దాంతో చాలామందికి ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది: సంస్కరణ చెయ్యాలంటే నడిమివాళ్ళను తప్పించి పోవాలి అని. 1993లో మన కెల్లింగ్, విలియం బ్రాటన్ అనే ఇంకో ఆయనతో కలిసి ఒక చిన్న పత్రం రాసి దీన్ని కాదన్నాడు. బ్రాటన్ కుర్చీలో కూర్చుని రాసే పండితుడేం కాదు, మరుసటి ఏడాదే న్యూయార్క్ పోలీసు కమిషనర్ అయినాడు. వాళ్ళు చెప్పింది నా మాటల్లో చెప్పాలంటే: కిందివాళ్ళను అదుపులో పెట్టడమే ఉద్యోగమని మీరే వాళ్ళకు నేర్పినారు, ఇప్పుడు అదుపు చేస్తున్నారని మీరే తిడతారా? వాళ్ళకు ఒక ప్రాంతాన్ని అప్పజెప్పి, ఇది నీది, దీని బాగు నీ పూచీ అని చెప్పి, చేతికి అధికారమిచ్చి చూడండి. కొత్త ఆలోచనలు అక్కడి నుంచే వస్తాయి.

నాకు ఈ వాదన ముక్కాలు భాగం నచ్చింది. మిగతా పావు ఎందుకు నచ్చలేదంటే, వాళ్ళ నడిమి అధికారి నెత్తిన పై అధికారి ఒక్కడే. మన సీఐ నెత్తిన ఎమ్మెల్యే గారి సిఫారసు లేఖ కూడా ఉంటుంది. అది ఎంత బరువో ఆ పత్రం రాసినవాళ్ళకు తెలిసే వీల్లేదు.

సరే, పని మారితే ఎట్లా మారుతుంది? బస్టాండు దగ్గర ఒక సందులో నెలకు ఐదారు బైకులు పోతున్నాయనుకుందాం. పాత పద్ధతిలో అవి ఐదారు కేసులు. ఒక్కోదానికి ఒక ఫైలు, ఒక నంబరు. బండి దొరికితే రికవరీ, దొరక్కపోతే పెండింగు. ఐదు ఫైళ్ళూ ఐదు చేతుల్లో ఉంటాయి, ఒకదానితో ఒకటి మాట్లాడవు. హెర్మన్ గోల్డ్‌స్టీన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 1979లో పట్టుకున్నది ఈ కిటుకునే. పోలీసులు కేసులను చూస్తున్నారు, కేసుల వెనకున్న సమస్యను చూడటం లేదన్నాడు. పదేళ్ళకు మినియాపొలిస్ ఊళ్ళో లెక్క తీస్తే, పోలీసులకు వచ్చే ఫోన్లలో సగం, ఊళ్ళోని మూడు శాతం చిరునామాల నుంచే వస్తున్నాయని తేలింది. సగం గోల మూడు శాతం తావుల్లో!

కాబట్టి సీఐ ఐదు ఫైళ్ళనూ ఒక బల్ల మీద పరిచి చూడాలి. ఏ వేళకు పోయినాయి? ఎవరి బండ్లు? అన్నీ రాత్రి ఎనిమిదికీ పదికీ మధ్య, ఒకే లాడ్జికి వచ్చినవాళ్ళవి అని తేలిందనుకోండి. ఆ లాడ్జికి పార్కింగు లేదు, జనం సందులో పెడుతున్నారు, సందులో దీపం లేదు. అప్పుడు చెయ్యాల్సిన పని దొంగ కోసం పరుగెత్తడం ఒక్కటే కాదు. లాడ్జి ఓనరును పిలిపించాలి. నగరపాలక కార్యాలయానికి ఉత్తరం రాసి ఊరుకోకుండా, తనే పోయి కూర్చోవాలి. ఎదురుగా పూలమ్మే అమ్మతో మాట్లాడాలి, లేదా ఆమెతో మాట్లాడగలిగే కానిస్టేబులును ఆ బీటులోనే నిలిపి ఉంచాలి. ఈ చివరిది చెప్పినంత సులువు కాదు. బందోబస్తుకు ఇద్దరిని పంపు అని పైనుంచి సెట్లో పిలుపొస్తే, "సార్, వీణ్ణి మాత్రం వదిలిపెట్టండి" అని పైవాళ్ళకు చెప్పుకోవాలి. కిందికి అరవడం అలవాటైన గొంతుకు, పైకి కాదని చెప్పడమే అన్నిటికంటే కష్టమైన పని.

జనంతో మీటింగు పెట్టడం కూడా సీఐ పనే అవుతుంది. మనకిది కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2000 ప్రాంతంలో "మైత్రి" పేరుతో స్టేషన్లలో పోలీసు, ప్రజల సంఘాలు పెట్టినారు. పొరుగున తమిళనాట 1993లోనే రామనాథపురంలో "ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్" మొదలైంది. కేరళ వాళ్ళు 2008లో "జనమైత్రి" అని పెట్టి బీటు అధికారిని ఇంటింటికీ పంపినారు. ఇట్లాంటి సంఘాలకు ఒక జబ్బుంది. పిలిస్తే ముందు వచ్చి కూర్చునేది అంగడి యజమానీ, పార్టీ నాయకుడూ. వాళ్ళకు సారు ఫోను నంబరు ముందే ఉంటుంది. నిజంగా రావాల్సిన ఎస్సీ కాలనీ ఆడమనిషి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఆమెను లోపలికి పిలిచి మొదట మాట్లాడనిచ్చే సీఐ ఒకడు, ఫొటో తీయించి వాట్సాప్‌లో పైకి పంపే సీఐ ఇంకొకడు. రెండు మీటింగులూ రిజిస్టరులో ఒక్కటే.

2019 అక్టోబరు 2న మన రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చినప్పుడు, వాటిలో మహిళా సంరక్షణ కార్యదర్శులను పెట్టినారు, తర్వాత మహిళా పోలీసులన్నారు. వాళ్ళు ఎవరి మనుషులన్న పేచీ కోర్టు దాకా పోయింది. ఆ గొడవ పక్కన పెడితే, పల్లెలో ఆడవాళ్ళు మనసు విప్పి చెప్పుకునే ఒక చెవి ఏర్పడింది. ఆ చెవి విన్నది ఎస్సై వింటాడా అన్నదే అసలు సంగతి.

ఇప్పుడు ప్రయోగాల దగ్గరికి మళ్ళీ వద్దాం. మన దేశంలోనే, రాజస్థాన్‌లో, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో (వీళ్ళకే 2019లో నోబెల్ వచ్చింది) ఇంకొందరితో కలిసి 162 పోలీసు స్టేషన్లలో ఒక పెద్ద ప్రయోగం చేసినారు. ఏ స్టేషనులో ఏది పెట్టాలో చీటీ వేసినట్టు తేల్చినారు. కొన్నిచోట్ల సిబ్బందికి శిక్షణ, కొన్నిచోట్ల బదిలీల నిలుపుదల, కొన్నిచోట్ల వారానికో సెలవు, కొన్నిచోట్ల ఊరి మనిషి ఒకరు వచ్చి స్టేషనులో కూర్చుని చూడటం. శిక్షణా బదిలీల నిలుపుదలా కొంత మేలు చేసినాయి. వారం సెలవూ, ఊరి మనిషీ పెద్దగా పనిచెయ్యలేదు. ఆ రెండూ స్టేషన్లలో అనుకున్నట్టు అమలు కాకపోవడమే అందుకు కారణం కావచ్చునని వాళ్ళే రాసినారు. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ కనపడలేదు. శిక్షణ పై నుంచి వస్తుంది, బదిలీ ఉత్తర్వు పై నుంచి ఆగుతుంది. వారం సెలవు మాత్రం ప్రతి వారమూ స్టేషను పెద్ద ఇవ్వాలి. మన రాష్ట్రంలో 2019లో పోలీసులకు వారానికో సెలవు ప్రకటించినప్పుడు ఎంత సంబరపడినామో! రోస్టరు వేసే సీఐ దగ్గర మనుషులు చాలకపోతే ఆ సెలవు ఎక్కడి నుంచి తెచ్చిస్తాడు?

2021లో ఇంకా పెద్దది ఒకటి "సైన్స్" పత్రికలో వచ్చింది. బ్రెజిల్, కొలంబియా, లైబీరియా, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఉగాండా, ఆరు దేశాల్లో ఒకేసారి ప్రజలతో కలిసి చేసే పోలీసు పనిని పరీక్షించినారు. నమ్మకం పెరగలేదు, నేరం తగ్గలేదు. చదివినప్పుడు నాకు కొంచెం నిరాశే అయింది. కానీ వాళ్ళు చెప్పిన కారణాలు చూడండి. పై అధికారులు దీన్ని ముఖ్యమైన పనిగా చూడలేదు. నేర్చుకున్న పోలీసులు మధ్యలోనే బదిలీ అయిపోయినారు. జనం చెప్పిన సమస్య తీర్చడానికి చేతిలో ఏమీ లేదు. మందు పనిచెయ్యలేదని తీర్పు చెప్పే ముందు, రోగి మింగినాడా లేదా అని చూడాలి కదా.

బదిలీ సంగతి మా తిరుపతి వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. వేషం కట్టినవాడు నోటికొచ్చిన బూతులు తిడతాడు, తిట్టించుకున్నవాళ్ళు నవ్వుకుంటూ దండం పెట్టుకుంటారు. పొరుగు జిల్లా నుంచి కొత్తగా వచ్చిన కానిస్టేబులు అది చూసి లాఠీ ఎత్తితే ఏమవుతుంది? సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరులో ప్రకాశ్ సింగ్ కేసులో, స్టేషను పెద్దకూ జిల్లా ఎస్పీకీ కనీసం రెండేళ్ళ పదవీకాలం ఉండాలంది. రెండేళ్ళంటే రెండు జాతరలు. ఒకటి చూసి నేర్చుకోవడానికి, ఒకటి నేర్చుకున్నది చెయ్యడానికి. అది కూడా దక్కని సీఐలే ఎక్కువ.

తిరుపతికి ఇంకో చిక్కుంది. మిగతా ఊళ్ళలో ప్రజలంటే ఆ ఊరివాళ్ళు. ఇక్కడ రోజుకు 60, 70 వేల మంది కొండెక్కి దిగుతారు, రేపు వాళ్ళు ఉండరు, వేరేవాళ్ళుంటారు. వాళ్ళతో సంఘం ఎట్లా పెడతావు? నిలిచి ఉండే జనం వేరే: ఆటోవాళ్ళు, లాడ్జి గుమాస్తాలు, గోవిందరాజస్వామి గుడి చుట్టూ అంగళ్ళవాళ్ళు, 2000 నుంచి టీటీడీ పిలిపించుకుంటున్న శ్రీవారి సేవకులు. బస్టాండులో పిల్లవాడు తప్పిపోతే పోలీసు కంటే ముందు ఆటో అతనికి తెలుస్తుంది. ఆ ఆటో అతనికి సీఐ ముఖం జరిమానాల వల్లనే తెలుసా, పేరు పెట్టి పలకరించడం వల్ల తెలుసా అన్నదాన్ని బట్టి ఆ కబురు స్టేషనుకు చేరే వేళ మారుతుంది.

2025 జనవరి 8 రాత్రి సంగతి చెప్పడానికి నోరు రాదు గానీ చెప్పాల్సిందే. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం జనం ముందురోజే చేరినారు. బైరాగిపట్టెడలో గేటు తెరిచేసరికి ఒక్కసారిగా తోసుకున్నారు. ఆ రాత్రి ఊళ్ళో ఆరుగురు పోయినారు. తర్వాత ఎస్పీని బదిలీ చేసినారు, ఒక డీఎస్పీని సస్పెండు చేసినారు, న్యాయ విచారణ వేసినారు. తప్పెవరిదో తేల్చడం నా పని కాదు. గుంపుల శాస్త్రం మాత్రం ఒకటి చెప్తుంది. చదరపు మీటరులో ఆరేడుగురు చేరినారంటే అక్కడ మనుషులు తమ ఇష్టంతో కదలడం ఆగిపోతుంది. ఒత్తిడి అలలుగా పాకుతుంది, నిలబడిన చోటనే ఊపిరాడదు. వెనకవాళ్ళకు ముందు దారి మూసుకుందని తెలియదు, అందుకే తోస్తూనే ఉంటారు. అట్లాంటి చోట గేటు దగ్గరుండే అధికారి ఎవరైనా సరే, గుంపు వెనక కొసలో ఏం జరుగుతుందో అతనికి చెప్పేవాళ్ళు కావాలి. యూనిఫారం వేసుకున్నవాళ్ళందరూ గేటు వైపే చూస్తుంటారు. పేటవాళ్ళు మేడ మీద నుంచి మొత్తం చూస్తారు. ఆ మేడ మీది మనిషి నంబరు అధికారి ఫోనులో ఉండాలంటే, ఆ పరిచయం ఏడాది ముందు నుంచి పెరిగి ఉండాలి. పండగ ముందురోజు పెంచితే పెరగదు.

పల్లెల్లో అయితే "పల్లె నిద్ర" అని ఒకటుంది. ఎస్సైలు, సీఐలు రాత్రికి పల్లెకు పోయి, రచ్చబండ మీద జనంతో మాట్లాడి, అక్కడే బడిలోనో గుడిలోనో పడుకుంటారు. మంచి ఆలోచన, నాకు శానా ఇష్టమైంది కూడా. చీకటి పడినాక, నలుగురు వెళ్ళిపోయినాక, ఒక ముసలామె మెల్లగా వచ్చి బెల్టుషాపు ఎవరి ఇంటి వెనక ఉందో చెప్తుంది. పలమనేరు, కుప్పం పక్కనైతే కర్ణాటక సరుకు ఏ దారిన దిగుతుందో కూడా చెప్తుంది. క్రైమ్ మీటింగులో మాత్రం అడిగేది ఒకటే: ఈ నెలలో ఎన్ని పల్లె నిద్రలు చేసినావు? నాలుగు సార్. సరే, కూర్చో.

ముసలామె చెప్పిన షాపు ఏమైందని అడగాల్సినవాడు సీఐ. నెల తిరిగినాక మళ్ళీ అడగాలి. ఎస్సై నసిగితే, నసుగుడు వెనక ఎవరి ఫోనుందో కనుక్కుని, డీఎస్పీ దగ్గరికి తనే పోవాలి. డీఎస్పీ ఎక్సైజు వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడాలి. అదంతా జరక్కుండా షాపు అక్కడే ఉండి, ఎవరు చెప్పినారో ఊరంతా తెలిసిపోతే, వచ్చే నెల పల్లె నిద్రకు ఎస్సై సారుకు చాప పరిచేది కూడా ఆ బెల్టుషాపు వాడే.